బరువు మోసే ఆఫ్‌రోడ్ వాహనానికి ఏ లిఫ్ట్ స్ప్రింగులు సరిపోతాయి: పోలిక, ఎంపిక సలహా

లిఫ్ట్ స్ప్రింగులు కొనదలచినవారు సాధారణంగా ముందు అడిగేది బండి ఎన్ని అంగుళాలు లేస్తుందని. సామాను మోసే బండి విషయంలో అంతకంటే ముందు తేల్చుకోవలసినవి రెండు ఉన్నాయి: బండి మీద రోజూ ఉండే బరువు ఎంత, ప్రయాణాలప్పుడు మాత్రమే ఎక్కే బరువు ఎంత. ఈ రెండు అంకెలు చేతిలో ఉంటే ఎత్తు సంగతి చాలావరకు దానంతట అదే తేలిపోతుంది. అవి లేకుండా ఎత్తును మాత్రమే చూసి కొన్న స్ప్రింగు, ఖాళీ బండిని గతుకుల మీద ఎగరేసేంత గట్టిదైనా కావచ్చు, సామాను ఎక్కించిన మొదటి రోజే వెనుక భాగం కుంగిపోయేంత మెత్తనిదైనా కావచ్చు. స్ప్రింగును రోజూ ఉండే బరువుకు సరిపోయేలా ఎంచుకోవాలని, అప్పుడప్పుడు ఎక్కే బరువుకు వేరే ఏర్పాటు చేసుకోవాలని నా గట్టి అభిప్రాయం. కింది పోలిక అంతా ఆ దృష్టితోనే చేస్తున్నాను.

ముందు తూకం

రోజూ ఉండే బరువు అంటే బండికి బోల్టులతో బిగించి, ప్రయాణం ముగిసినా దిగకుండా ఉండేది. ఉక్కుతో చేసిన ముందు బంపరు రకాన్ని బట్టి 40 నుంచి 70 కిలోల వరకు తూగుతుంది. ఇరుక్కున్న బండిని లాగే వించ్, ఉక్కు తాడుతో అయితే, మరో 35 నుంచి 45 కిలోలు ఉంటుంది. దానికే సింథటిక్ తాడు వేస్తే 10 కిలోలకు అటూ ఇటుగా తగ్గుతుంది. రెండో బ్యాటరీ, అడుగున రక్షణ ప్లేట్లు, వెనుక సొరుగుల పెట్టె, పైకప్పు ర్యాక్ ఇవన్నీ ఈ ఖాతాలోవే. ప్రయాణపు బరువు అంటే మనుషులు, నీళ్లు, అదనపు ఇంధనం, వంట సామగ్రి, పనిముట్లు. నీళ్లు లీటరుకు ఒక కిలో తూగుతాయి. డీజిల్ లీటరుకు సుమారు 0.84 కిలో కాబట్టి 90 లీటర్ల అదనపు ట్యాంకు నిండితే దాదాపు 75 కిలోలు పెరిగినట్టే. పైకప్పు మీద పెట్టే గుడారం లాంటివి ఈ రెండింటికీ మధ్యలో ఉంటాయి. ఏడాదిలో సగానికి పైగా అది బండి మీదే ఉండిపోయేటట్టయితే దానిని రోజువారీ బరువులో కలపడమే సబబు.

వస్తువుల బరువులు కూడుకుంటూ పోయి వేసిన అంచనా దాదాపు ఎప్పుడూ తక్కువే వస్తుంది. బిగించే బ్రాకెట్లు, తీగలు, పెట్టెలు, చిన్న చిన్న సామాన్లు లెక్కలోంచి జారిపోతాయి. అందువల్ల బండిని వేబ్రిడ్జి మీద తూచడం తప్పనిసరి. ముందు ఇరుసును ఒకసారి, వెనుక ఇరుసును ఒకసారి విడివిడిగా తూచాలి. రోజువారీ స్థితిలో ఒకసారి, ప్రయాణానికి పూర్తిగా సిద్ధమైన స్థితిలో మరొకసారి తూచాలి. ఇరుసు, చక్రాలు, బ్రేకుల బరువు స్ప్రింగు మీద పడదు కదా, దానిని ఎలా తీసివేయాలన్న సందేహం కొందరికి వస్తుంది. అసలు బండికీ ఇప్పటి బండికీ ఉన్న తేడానే మనకు కావలసింది, ఆ తేడా దాదాపు అంతా స్ప్రింగుకు పైన చేరిన బరువే కాబట్టి, పెద్ద టైర్లు వేసిన సందర్భంలో తప్ప ఆ సందేహం అక్కరలేదు.

తూకం చీటీని పక్కన పెట్టే ముందు ఇంకొక సంగతి చూడాలి. ప్రతి ఇరుసుకూ, మొత్తం వాహనానికీ తయారీదారు ఒక గరిష్ఠ బరువు నిర్ణయిస్తాడు. ఆ పరిమితి బ్రేకులు, ఇరుసు, బేరింగులు, టైర్లు, ఛాసిస్ అన్నింటినీ కలిపి చూసి పెట్టినది. గట్టి స్ప్రింగు వేసినందువల్ల బండి కుంగకుండా నిలబడుతుంది గాని, ఆ పరిమితి ఒక్క కిలో కూడా పెరగదు. తూకం ఆ అంకెను దాటి ఉంటే ముందు సామాను తగ్గించాలి, లేదా చట్టం అనుమతించే చోట ధ్రువీకరణతో కూడిన మార్పులు చేయించుకోవాలి.

బరువు ఎక్కడ ఉందన్నది కూడా ఎంత ఉందన్నంత ముఖ్యమే. ఇరుసులకు బయట వేలాడే బరువు తులాదండంలా పనిచేస్తుంది. రెండు ఇరుసుల మధ్య దూరం 2850 మిల్లీమీటర్లు ఉన్న బండికి, ముందు ఇరుసుకు 700 మిల్లీమీటర్ల ముందు 100 కిలోల బంపరు, వించ్ బిగించారనుకుందాం. ముందు ఇరుసు మీద 100 కాదు, సుమారు 125 కిలోలు పెరుగుతాయి. వెనుక ఇరుసు మీద 25 కిలోలు తగ్గుతాయి. అదే బండి వెనుక, ఇరుసుకు 1200 మిల్లీమీటర్ల అవతల ఉన్న హుక్కు మీద ట్రెయిలరు 250 కిలోలు మోపితే వెనుక ఇరుసు మీద సుమారు 355 కిలోలు పడతాయి, ముందు ఇరుసు నుంచి 105 కిలోలు లేచిపోతాయి. ట్రెయిలరు తగిలించగానే స్టీరింగు తేలికైపోవడం, హెడ్‌లైట్లు ఎదుటివారి కళ్లలో కొట్టడం ఈ కారణంగానే. ముందూ వెనుకా ఒకే తరగతి స్ప్రింగులు జతగా కొనడం ఎందుకు తప్పో ఈ లెక్కే చెబుతుంది. ఒకే బండికి ముందు గట్టి రకం, వెనుక మధ్యరకం కావలసి రావడం మామూలే.

ఎత్తు రెండు దారుల్లో వస్తుంది

ఒక స్ప్రింగును ఒక మిల్లీమీటరు నొక్కడానికి ఎన్ని కిలోల బరువు కావాలో దానిని ఆ స్ప్రింగు రేటు అంటారు. కొన్ని పట్టికల్లో ఇది మిల్లీమీటరుకు న్యూటన్లలో, కొన్నింటిలో అంగుళానికి పౌండ్లలో ఉంటుంది. మిల్లీమీటరుకు ఒక కిలో అంటే సుమారు 9.8 న్యూటన్లు, అంగుళానికి సుమారు 56 పౌండ్లు. ఏ బరువూ లేనప్పటి పొడవు స్ప్రింగు స్వేచ్ఛా పొడవు. బండి ఎత్తును ఈ రెండూ కలిసి నిర్ణయిస్తాయి కాబట్టి, ఎత్తు పెంచడానికి రేటు మార్చకుండా పొడవు పెంచవచ్చు, పొడవు మార్చకుండా రేటు పెంచవచ్చు, లేదా రెండింటినీ కొంత కొంత మార్చవచ్చు. రెండు కంపెనీలు '40 మిల్లీమీటర్ల లిఫ్ట్' అని ఒకే మాట రాసినా, ఆ రెండు స్ప్రింగులూ బండిని పూర్తిగా వేరు వేరుగా నడిపించడానికి కారణం ఇదే.

ఒక ఉదాహరణను చివరి దాకా లెక్కిద్దాం. నాలుగు చక్రాలకూ కాయిల్ స్ప్రింగులు, అంటే తీగను చుట్లుగా చుట్టి చేసినవి ఉన్న బండిలో వెనుక ఒక్కో స్ప్రింగు మీద 480 కిలోలు పడుతున్నాయి, కంపెనీ స్ప్రింగు రేటు మిల్లీమీటరుకు 3 కిలోలు, స్వేచ్ఛా పొడవు 400 మిల్లీమీటర్లు అనుకుందాం. అది 160 మిల్లీమీటర్లు అణిగి 240 దగ్గర నిలబడుతుంది. ఇప్పుడు వెనుక ఇరుసు మీద రోజువారీ బరువు 200 కిలోలు పెరిగితే ఒక్కో స్ప్రింగు వాటా 100 కిలోలు, అంటే 33 మిల్లీమీటర్ల కుంగుదల. ఈ కుంగుదల పోయి, దాని మీద 40 మిల్లీమీటర్ల ఎత్తు రావాలంటే 580 కిలోల కింద స్ప్రింగు 280 మిల్లీమీటర్ల దగ్గర నిలబడాలి.

రేటు 3.6 ఉన్న స్ప్రింగు 580 కిలోలకు 161 మిల్లీమీటర్లు అణుగుతుంది కాబట్టి దాని స్వేచ్ఛా పొడవు 441 ఉండాలి. రేటు 5 ఉన్న స్ప్రింగు 116 మిల్లీమీటర్లే అణుగుతుంది కాబట్టి దానికి 396 చాలు. అంటే గట్టి స్ప్రింగు బల్ల మీద పెట్టి చూస్తే కంపెనీ స్ప్రింగు కంటే పొట్టిగా కనబడుతూనే బండిని 40 మిల్లీమీటర్లు ఎత్తుతుంది. దుకాణంలో రెండు స్ప్రింగులను పక్కపక్కన నిలబెట్టి పొడవైన దానిని ఎంచుకోవడంలో అర్థం లేదని దీన్నిబట్టి తెలుస్తుంది. తీగ మందాన్ని కంటితో చూసి అంచనా వేయడం కూడా అంతే మోసం చేస్తుంది. కాయిల్ రేటు తీగ వ్యాసానికి నాలుగో ఘాతంతో పెరుగుతుంది. మిగతావన్నీ అలాగే ఉంచి 14 మిల్లీమీటర్ల తీగను 15 చేస్తే రేటు 32 శాతం పెరుగుతుంది.

ఈ రెండు స్ప్రింగుల్లో ఏది మేలు? బండి ఒక్కసారి పైకీ కిందికీ ఊగే వేగం స్ప్రింగు ఎంత అణిగి నిలబడిందన్న దాన్నిబట్టి ఉంటుంది. మన ఉదాహరణలోని అసలు బండి 160 మిల్లీమీటర్ల అణుగుదలతో సెకనుకు సుమారు 1.25 సార్లు ఊగుతుంది. మనుషులకు ఇబ్బంది లేని ఊపు అది. 580 కిలోల కింద 3.6 స్ప్రింగు 161 మిల్లీమీటర్లు అణుగుతుంది కాబట్టి ఆ ఊపు ఏమీ మారదు. 5 స్ప్రింగు అదే బరువు కింద సెకనుకు 1.46 సార్లు, సొరుగులూ పెట్టెలూ తీసేసిన ఖాళీ బండి కింద 1.6 సార్లు ఊగుతుంది. గుంతల రోడ్డు మీద నడుముకు తెలిసేంత తేడా ఇది. బరువు ఏ నిష్పత్తిలో పెరిగిందో రేటును కూడా అదే నిష్పత్తిలో పెంచితే నడక మారదన్న సూత్రం ఇందులోంచి వస్తుంది. 480 నుంచి 580కి పెరుగుదల 21 శాతం; 3 నుంచి 3.6కి పెరుగుదల 20 శాతం.

'మరి ప్రయాణంలో ఇంకా సామాను ఎక్కుతుంది కదా, అందుకే గట్టిది' అన్న వాదన తరచూ వినిపిస్తుంది. దానినీ లెక్కించి చూద్దాం. వెనుక ఇరుసు మీద మరో 150 కిలోలు, అంటే ఒక్కో స్ప్రింగు మీద 75 కిలోలు ఎక్కితే 3.6 స్ప్రింగు 21 మిల్లీమీటర్లు, 5 స్ప్రింగు 15 మిల్లీమీటర్లు కుంగుతాయి. ఆ ఆరు మిల్లీమీటర్ల కోసం ఏడాది పొడవునా గట్టి నడకను భరించడం నాకు ఏ విధంగానూ సమంజసంగా తోచదు. 5 స్ప్రింగుకు సరైన బండి వేరు: ఒక్కో స్ప్రింగు మీద ఎప్పుడూ 800 కిలోలకు దగ్గరగా ఉండే బండి, అంటే అసలు కంటే వెనుక ఇరుసు మీద 600 కిలోలకు పైగా శాశ్వతంగా మోసే బండి. వెనుక శిబిరపు గది కట్టించుకున్నవారికి, పనిముట్లతో తిరిగే సేవా వాహనాలకు అది తగినదే.

కాయిల్ స్ప్రింగుల రకాలు

ఓల్డ్ మ్యాన్ ఈము, డాబిన్సన్స్ వంటి తయారీదారుల పట్టికల్లో ఒకే బండికి తేలిక, మధ్యరకం, భారీ అన్న వరుసలో స్ప్రింగులు ఉంటాయి. ముందు వాటికి బంపరు, వించ్ ఉన్నాయా లేవా అన్నదాన్నిబట్టి, వెనుక వాటికి శాశ్వత బరువు ఎన్ని కిలోలన్నదాన్నిబట్టి తరగతులు రాస్తారు. ఆ కిలోలు అసలు ఖాళీ బండికి అదనమా, మనుషులతో సహా లెక్కించినవా అని కొనే ముందే అడిగి తెలుసుకోవాలి. డీజిల్ ఇంజను సాధారణంగా పెట్రోలు ఇంజను కంటే బరువైనది కాబట్టి ముందు స్ప్రింగుకు ఇంజను రకం కూడా చెప్పాలి. కొన్ని స్ప్రింగులు ఎడమకు ఒకటి, కుడికి ఒకటిగా పొడవులో కొద్ది తేడాతో వస్తాయి. ఇంధన ట్యాంకు, బ్యాటరీ, డ్రైవరు ఒకే పక్కన ఉండే బండి ఒరగకుండా ఉండటానికి చేసిన ఏర్పాటు అది. చీటీ మీద ఉన్న గుర్తు చూడకుండా వాటిని తారుమారు చేస్తే ఒరుగు రెట్టింపవుతుంది.

మొదటి నుంచి చివరి దాకా ఒకే రేటు ఉన్నవి లీనియర్ స్ప్రింగులు. చుట్ల మధ్య ఎడం ఒక చివర తక్కువగా, మరో చివర ఎక్కువగా ఉండి, అణుగుతున్న కొద్దీ గట్టిపడేవి ప్రోగ్రెసివ్ స్ప్రింగులు. దగ్గరగా ఉన్న చుట్లు ముందు ఒకదానితో ఒకటి తగిలి మూసుకుపోతాయి. పనిచేసే చుట్లు తగ్గడంతో రేటు పెరుగుతుంది. వారమంతా ఖాళీగా తిరిగి, సెలవుల్లో మాత్రం నిండా ఎక్కించే బండికి ప్రోగ్రెసివ్ రకం నిజంగా మంచి రాజీ. అయితే ఎప్పుడూ బరువు మోసే బండిలో ఆ మెత్తని చుట్లు మొదటి రోజు నుంచే మూసుకుపోయి ఉంటాయి. మిగిలేది గట్టి భాగమొక్కటే. దాని రేటు ఎంతో పట్టికలో చాలాసార్లు రాయరు కూడా. శాశ్వత బరువున్న బండికి నేను లీనియర్ వైపే మొగ్గుతాను. దాని ప్రవర్తన ముందుగా లెక్కించవచ్చు, స్ప్రింగు ఊపును అదుపు చేసే షాక్ అబ్జార్బరును దానికి సరిగ్గా జత చేయవచ్చు.

కంపెనీ స్ప్రింగు కింద పెట్టే స్పేసరు, అంటే ఎత్తు పెంచే దిమ్మ, మరో ప్రత్యామ్నాయం. ఎత్తు పెరుగుతుంది, రేటు అలాగే ఉంటుంది కాబట్టి అదనపు బరువు లేని బండికి అది చౌకైన పరిష్కారం. బరువున్న బండికి మాత్రం దానిని సూచించలేను. అసలే ఎక్కువ అణిగి ఉన్న మెత్తని స్ప్రింగు, పెద్ద గుంతలో పూర్తిగా మూసుకుపోయే స్థితికి దగ్గరవుతుంది. చుట్లన్నీ తగిలిపోతే ఆ దెబ్బ నేరుగా స్ప్రింగు కూర్చునే పీట మీద పడుతుంది.

లీఫ్ స్ప్రింగులున్న బండ్లు

టయోటా హైలక్స్ వంటి పికప్ ట్రక్కుల్లో ముందు కాయిల్, వెనుక లీఫ్, అంటే కమాను పట్టీలు ఉంటాయి. 1999 నుంచి ల్యాండ్‌క్రూజర్ 70 సిరీస్ కూడా ఇదే పద్ధతికి వచ్చింది. పట్టీల రేటు పట్టీ మందానికి మూడో ఘాతంతోను, పట్టీల సంఖ్యతో నేరుగాను పెరుగుతుంది. అందువల్ల మందమైన పట్టీలు కొన్ని ఉన్న కట్టకూ, పలుచని పట్టీలు ఎక్కువ ఉన్న కట్టకూ మోసే శక్తి ఒకటే అయినా నడకలో తేడా ఉంటుంది. పలుచని పట్టీలు ఎక్కువ ఉన్న కట్ట సులువుగా వంగుతుంది, కాని పట్టీల మధ్య రాపిడి ఎక్కువ. చివర్లకు పలచబడే పారాబోలిక్ పట్టీలు రెండు మూడే ఉంటాయి. రాపిడి తక్కువ కాబట్టి చిన్న గతుకుల మీద హాయిగా ఉంటాయి, అయితే ఆ రాపిడి చేసే అదుపు పని కూడా షాక్ అబ్జార్బరు మీదే పడుతుంది.

ఉన్న కట్టలో ఒక పట్టీ అదనంగా చేర్చడం చాలాచోట్ల చేసే పని. కట్ట కొత్తదై, పెరిగిన బరువు స్వల్పమైతే అది సరిపోతుంది. ఏళ్ల తరబడి వాడి వంపు పోయిన కట్టలో కొత్త పట్టీ ఒక్కటి చేరిస్తే భారమంతా దాని మీదే పడి, త్వరలోనే అది కూడా చదునవుతుంది లేదా విరుగుతుంది. అలాంటప్పుడు మొత్తం కట్ట మార్చడమే నిజమైన పొదుపు. కట్ట చివరను ఛాసిస్‌కు తగిలించే కదిలే లంకె, అంటే షాకిల్, పొడవు పెంచి ఎత్తు తెచ్చుకునే పద్ధతిలో పెంచిన పొడవులో సగమే ఎత్తుగా వస్తుంది, రేటు పెరగదు, ఇరుసు కోణం తిరుగుతుంది. బరువు సమస్యకు అది జవాబు కాదు. కొత్త కట్ట కొనేటప్పుడు అడుగున ఉండే మందమైన సహాయక పట్టీ ఏ బరువు దగ్గర పనిలోకి వస్తుందో కనుక్కోవాలి. రోజువారీ బరువు కింద దానికీ పై పట్టీకీ మధ్య సందు కనబడుతూ, ప్రయాణపు సామాను ఎక్కాక ఆ సందు మూసుకుంటే ఆ కట్ట మీ బండికి సరిగ్గా కుదిరినట్టు. ఖాళీగా ఉన్నప్పుడే రెండూ తాకి ఉంటే ఆ కట్ట కావలసిన దానికంటే మెత్తనిది.

ముందు స్వతంత్ర సస్పెన్షన్ ఉంటే

ముందు చక్రాలు స్వతంత్రంగా కదిలే బండ్లలో స్ప్రింగు, చక్రాన్ని ఛాసిస్‌కు కలిపే కింది ఆర్మ్ మీద చక్రానికి లోపలివైపు కూర్చుంటుంది. చక్రం 10 మిల్లీమీటర్లు కదిలితే స్ప్రింగు బహుశా 6 మిల్లీమీటర్లే కదులుతుంది. ఆ నిష్పత్తి 0.6 అయితే చక్రం దగ్గర అనుభవమయ్యే రేటు దాని వర్గం, అంటే స్ప్రింగు రేటులో 0.36 వంతు. మిల్లీమీటరుకు 10 కిలోల రేటు వినడానికి చాలా గట్టిగా ఉన్నా చక్రం దగ్గర అది 3.6 మాత్రమే. పైన చెప్పిన బంపరు, వించ్ వల్ల ముందు ఇరుసు మీద పెరిగిన 125 కిలోలు ఒక్కో చక్రానికి 62 చొప్పున పడి, బండి ముందు భాగాన్ని 17 మిల్లీమీటర్లు కుంగదీస్తాయి. ఈ కారణంగానే స్ట్రట్, అంటే స్ప్రింగు, షాక్ అబ్జార్బరు కలిసిన భాగం, పైన పెట్టిన 25 మిల్లీమీటర్ల స్పేసరు బండిని 40 మిల్లీమీటర్లకు పైగా లేపుతుంది. అలా లేపినప్పుడు డ్రైవ్ షాఫ్టు కీళ్లు ఎప్పుడూ వంగిన కోణంలో పనిచేస్తాయి. స్ప్రింగుకు బదులు మెలితిరిగే కడ్డీ, అంటే టార్షన్ బార్ ఉన్న బండిలో బోల్టు తిప్పి ఎత్తు పెంచినా రేటు పెరగదు. బరువుకు తగ్గ మందమైన బార్ వేయడమే దారి.

అప్పుడప్పుడు ఎక్కే బరువుకు

రోజువారీ బరువుకు స్ప్రింగు కుదిరాక, ప్రయాణపు బరువుకు గాలి సంచులు మంచి తోడు. కాయిల్ లోపల ఇమిడే సంచిలో గాలి పెంచి తగ్గించి వెనుక ఎత్తు సరిచేయవచ్చు. సామాను ఎక్కించక ముందే, వెనుక చక్రం మధ్య బిందువు నుంచి ఫెండరు అంచు దాకా కొలిచి రాసుకోవాలి. ఎక్కించాక ఎంత కుంగిందో చూసి, ఆ కుంగుదలలో సగం నుంచి ముప్పావు వంతు దాకా మాత్రమే గాలితో లేపాలి. పూర్తిగా లేపాలని గాలి నింపితే భారంలో ఎక్కువ భాగం సంచి మోస్తుంది, చక్రాలు పైకీ కిందికీ విడివిడిగా కదలడం తగ్గుతుంది. రాళ్ల దారిలోకి దిగేముందు తయారీదారు చెప్పిన కనిష్ఠ పీడనం దాకా గాలి తగ్గించాలి. సంచిని అమర్చడానికి లోపలి బంప్ స్టాప్, అంటే స్ప్రింగు పూర్తిగా అణిగినప్పుడు దెబ్బను ఆపే రబ్బరు దిమ్మ, తీసేయమంటే, దాని స్థానంలో ఆ దెబ్బను ఆపేది ఏమిటో తెలియకుండా ఒప్పుకోకూడదు.

లీఫ్ స్ప్రింగులున్న పికప్‌లలో మాత్రం గాలి సంచుల విషయంలో చాలా జాగ్రత్త కావాలి. కమాను కట్ట బరువును ఛాసిస్ మీద ముందొక చోట, వెనుకొక చోట పంచుతుంది. ఇరుసుకు సరిగ్గా పైన పెట్టిన సంచి ఆ బరువును ఒకే బిందువు మీదికి తెస్తుంది. వెనుక ఇరుసుకు అవతల బరువైన పెట్టె, దాని వెనుక ట్రెయిలరు, కింద నిండా గాలి ఉన్న సంచులు, ఈ మూడూ కలిసిన చోట ఛాసిస్ ఆ బిందువు దగ్గర వంగిపోయిన సందర్భాలున్నాయి. అలాంటి బండికి సరైన బరువుకు చేయించిన కట్టే వేయాలి, సామానును ఇరుసుకు ముందు వైపు జరపాలి.

స్ప్రింగుతో పాటు మారవలసినవి

షాక్ అబ్జార్బర్లు ఈ ఎంపికలో సగభాగం. గట్టి స్ప్రింగు ఎక్కువ శక్తిని దాచుకుని, తిరిగి విడుస్తుంది; కంపెనీ షాకులు ఆ విడుదలను ఆపలేక బండి గతుకు దాటాక కూడా ఊగుతూ ఉంటుంది. కొత్త స్ప్రింగు రేటుకు సరిపడే అదుపు, పెరిగిన ఎత్తుకు సరిపడే పొడవు, ఈ రెండూ ఉన్న షాకులనే జత చేయాలి. పొడవు ఎక్కువైనా ప్రమాదమే. మన ఉదాహరణలోని 5 స్ప్రింగు ఖాళీ బండి కింద 96 మిల్లీమీటర్లే అణిగి ఉంటుంది. షాక్ ఇరుసును అంతకంటే ఎక్కువ దిగనిస్తే, చక్రం గాలిలో వేలాడినప్పుడు స్ప్రింగు పీటలో వదులై పక్కకు జరగవచ్చు. 3.6 స్ప్రింగుకు అదే స్థితిలో 133 మిల్లీమీటర్ల అణుగుదల ఉంటుంది కాబట్టి చక్రం మరింత దిగినా అది పీటను వదలదు. ఎగుడుదిగుడు నేల మీద పట్టు దొరికేది చక్రం నేలను తాకి ఉన్నప్పుడే కనుక, గట్టి స్ప్రింగుతో కోల్పోయేది సుఖం ఒక్కటే కాదు.

ఎత్తు విషయంలో 40 నుంచి 50 మిల్లీమీటర్ల దగ్గర ఆగడం మంచిదని నా సలహా. అది దాటితే ముందు చక్రాలను నేరుగా నిలిపే కాస్టర్ కోణం తగ్గి స్టీరింగు నేరుగా నిలవకపోవడం, ఇరుసును అడ్డంగా ఛాసిస్‌కు కట్టి ఉంచే పాన్‌హార్డ్ రాడ్ దానిని పక్కకు లాగడం, బ్రేకు గొట్టాలు బిగుసుకోవడం, ప్రొపెల్లర్ షాఫ్టు కోణం పెరగడం వంటివి ఒక్కొక్కటిగా సరిచేయవలసి వస్తుంది. పైకప్పు మీద బరువున్న బండి గురుత్వకేంద్రం ఇంకా పైకి పోతుంది. ఎత్తు పెంపు మీద నమోదు నిబంధనలు ఒక్కో చోట ఒక్కో విధంగా ఉంటాయి కాబట్టి అవీ ముందే చూసుకోవాలి.

చాలామంది మరచిపోయే భాగం ఒకటుంది. కొన్ని బండ్లలో వెనుక ఇరుసుకూ ఛాసిస్‌కూ మధ్య ఒక సన్నని కడ్డీ, దాని చివర బ్రేకు పీడనాన్ని పంచే వాల్వు ఉంటాయి. వెనుక భాగం కుంగితే బరువు ఎక్కిందని వెనుక బ్రేకులకు పీడనం పెంచుతుంది, లేస్తే తగ్గిస్తుంది. లిఫ్ట్ స్ప్రింగులు వేశాక బండి నిండా సామాను ఉన్నా వెనుక భాగం ఎత్తుగానే ఉంటుంది కాబట్టి ఆ వాల్వు బండి ఖాళీగా ఉందనుకుంటుంది. అత్యంత అవసరమైన సమయంలో వెనుక బ్రేకులు మందగిస్తాయి. దాని బ్రాకెట్టును పెరిగిన ఎత్తుకు సరిపడా సర్దించకుండా బండిని షెడ్డు నుంచి బయటికి తీయకూడదు.

బిగింపులో గట్టిగా పట్టుబట్టవలసింది కీళ్లలో ఉండే రబ్బరు తొడుగుల, అంటే బుష్‌ల దగ్గర. బండిని జాకీల మీద లేపి, చక్రాలు వేలాడుతుండగానే ఆర్మ్ బోల్టులు, షాకిల్ బోల్టులు పూర్తిగా బిగిస్తే, బండి నేల మీదికి దిగగానే రబ్బరు బుష్‌లు మెలితిరిగిన స్థితిలో ఇరుక్కుంటాయి; ఎత్తు తప్పుగా కనబడుతుంది, బుష్‌లు త్వరగా చిరిగిపోతాయి. బోల్టులను వదులుగా పెట్టి, బండిని దించి, నాలుగైదు సార్లు కుదిపి, దాని బరువు దాని మీదే ఉన్నప్పుడు చివరి బిగింపు ఇవ్వాలి. కాయిల్ చివర పీటలోని గాడిలో సరిగ్గా కూర్చుందో లేదో చేత్తో తడిమి చూడాలి. లీఫ్ స్ప్రింగులకు, కట్టను ఇరుసుకు బిగించే యూ బోల్టులు కొత్తవి వేయించి, కొన్ని వందల కిలోమీటర్ల తర్వాత మళ్లీ బిగించాలి. చివరగా వీల్ అలైన్‌మెంటు, హెడ్‌లైట్ల సర్దుబాటు చేయించాలి.

కొత్త స్ప్రింగులు మొదటి వెయ్యి కిలోమీటర్లలో కొన్ని మిల్లీమీటర్లు సర్దుకుంటాయి కాబట్టి బిగించిన రోజు కొలతను తుది కొలతగా తీసుకోకూడదు. ఆ తర్వాత రోజువారీ బరువుతో నాలుగు మూలలా చక్రం మధ్య నుంచి ఫెండరు అంచు దాకా కొలవాలి. నేల నుంచి కొలిస్తే టైరు గాలి తేడా కొలతలో కలిసిపోతుంది. వెనుక భాగం ముందు భాగం కంటే 20 మిల్లీమీటర్ల దాకా ఎత్తుగా ఉంటే సరే, ప్రయాణపు సామాను ఎక్కాక అది సమతలానికి వస్తుంది. అప్పటికీ ఎడమ కుడి మధ్య 10 మిల్లీమీటర్లకు మించి తేడా కనిపిస్తే, స్ప్రింగులను నిందించే ముందు సామాను ఏ పక్కన ఎక్కువ ఉందో మరోసారి తూచి చూడాలి.